ఇంటిబడిలో లాటిను చదువు

అమెరికా దేశపు నాణెములమీద మూడు లాటిను మాటలు ముద్రింపబడియుండును. ఒకనాటి సాయంకాలము మా పెద్దపిల్ల తన డబ్బాలోని సెంటు నాణెము నొకదానిని అఱచేత బెట్టుకొని వచ్చి, ఆ మాటలను కూడబలుకుకొని, "అమ్మా, ఇది ఏ భాష? దీని అర్థం ఏమిటి?" అని యడిగెను. 'ఏ ప్లూరిబుస్ ఊనుమ్' అని యెటులో చదివితిమి గాని అర్థము చెప్పలేకపోతిమి. 'పెక్కింటినుండి ఒకటి' యని తరువాత నిఘంటువు చూచి తెలిసికొంటిమి. ఈ దేశమునకు వచ్చి పదునాలుగేండ్లయినది. ఇన్నియేండ్లును దినదినము చేతబట్టిన నాణెముమీది మాట కర్థ మెఱుగకయే గడపితిమిగదా యని మాకు సిగ్గు కలిగెను. మాయింట లాటిను చదువునకు ఆ నాణెమే కారణమయ్యెను.

మేము టెక్ససు రాష్ట్రమున నివసించుచున్నాము. పదునొకండేండ్ల బాలికకును ఎనిమిదేండ్ల బాలునకును ఇంటియొద్దనే చదువు చెప్పుచున్నాము. ఇందుకు ఇచ్చటి చట్ట మడ్డుపడదు. ఇంటిబడియు ప్రైవేటుబడులలో జేరినదే యని ఈ రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానము 1994లో తీర్పు చెప్పినది. చదువుట, వర్ణక్రమము, వ్యాకరణము, గణితము, పౌరధర్మము అను నీ యైదింటిని మాత్రము వ్రాతలోనున్న పాఠ్యక్రమము ననుసరించి నేర్పవలెను. తక్కినవి తలిదండ్రుల యిష్టము. ఈ స్వేచ్ఛ యెంత సుఖమో అంత బరువు. బడిలో తగని పుస్తకము పెట్టినచో ఉపాధ్యాయులమీద నెపము వేయవచ్చును. ఇంటిలో తగని పుస్తకము కొన్నచో నిందింపదగినవారము మనమే.

లాటిను నేర్పనెంచితిమని తెనాలిలోనున్న మా అమ్మకు టెలిఫోనులో చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "తెలుగు రాయడమే రాని పిల్లలకు లాటినేమిటే? ముందు నాకొక ఉత్తరం రాయడం నేర్పు" అనెను. మేము సమాధానము చెప్పలేకపోతిమి. పిల్లలు ఇంటిలో తెలుగు మాటాడుదురు, వ్రాయనెఱుగరు. అక్షరములు రెండుమూడు మాఱులు మొదలుపెట్టించితిమి గాని, లెక్కలకును ఇంగ్లీషునకును కేటాయించిన గంటలు తెలుగు గంటను తఱచుగా మ్రింగివేయుచుండెను. అమ్మ మాట ములువలె గ్రుచ్చుకొని నిలిచెను.

అయినను మా కారణములు మాకు గలవు. ఇంగ్లీషు మాటలలో సగమునకు మించినవి నేరుగానో ఫ్రెంచిభాష మూలముగానో లాటినునుండి వచ్చినవే. వైద్యులును న్యాయవాదులును వాడు మాటలకు మూలము తెలిసినచో ఆ పుస్తకములు పిల్లలను బెదరింపవు. సంస్కృత మేల నేర్పరాదని మావారు ఒకమాఱు ప్రశ్నించిరి. అదియును నేర్పదగినదే. కాని పిల్ల తానై యడిగినది లాటిను. అడిగినప్పుడు నేర్పిన చదువు నిలుచును. అడుగనప్పుడు నేర్పినది జారిపోవును. అందుచేత మొదట లాటిను కానిండని నిశ్చయించుకొంటిమి.

ఇక పుస్తక మెన్నుకొనుటలో మేము చేసిన పొరపాటును దాచక చెప్పెదము. చిన్ననాట మా తాతగారు వీథియరుగుమీద గూర్చుండి పిల్లలచేత శబ్దమంజరి వల్లె వేయించుచుండగా మేము వినియున్నాము. 'రామః రామౌ రామాః' అను నా పాఠము నేటికిని మా చెవులలో నున్నది. కావున నిండుగా విభక్తి పట్టికలుగల పెద్ద లాటిను వ్యాకరణ మొకటి కనబడగనే, ఇదియే మనకు దగినదని ముచ్చటపడి కొంటిమి. పిల్ల వయస్సెంత, దాని కోరిక యేమి, దానికి విభక్తి యనిన నేమో తెలియునా, అని యాలోచింపలేదు. మా చిన్నతనమును మఱల కొనితెచ్చుకొంటిమేకాని పిల్లకు పుస్తకము కొనలేదు.

పిల్ల బుద్ధిమంతురాలగుటచే ప్రతిదినము ప్రొద్దుటిపూట 'రొస, రొసై, రొసై, రొసమ్, రొసా' యని గులాబి శబ్దమును అప్పజెప్పుచుండెను. రొస యనగా గులాబి. రొసై యనగా గులాబియొక్క, గులాబికి. రొసమ్ అనగా గులాబిని. దీర్ఘముతో రొసా యన్నచో గులాబిచేత. ఐదునెలలలో మూడు విధముల నామవాచకములను తప్పులేక వల్లించెను. మావారితో చెప్పి మురిసితిమి. ఒకనాడు పరీక్షింపవలెనని మేమే యొక చిన్నవాక్యము కూర్చి పలకమీద వ్రాసితిమి: 'పుయెల్ల రొసమ్ పుయెరో దత్.' పిల్ల దానిని చూచెను. మాట లన్నియు తెలిసినవే. "పిల్ల... గులాబి... పిల్లవాడు... ఇస్తాడు" అనెను. ఎవరు ఎవరి కిచ్చిరని యడిగితిమి. పెదవి కొఱుకుకొని యట్లే చూచి, పుస్తకము మూసి, "అన్నీ అప్పజెప్పగలను అమ్మా. కాని ఏమిటో తెలియదు. నాకు లాటిను వద్దు" అని కన్నీరు పెట్టుకొనెను.

ఆ కన్నీరు చూచి మా కుపాయము తోచక, ఆ వాక్యము క్రిందనే దాని యర్థమును తెలుగున చెప్పితిమి: "పిల్ల గులాబిని పిల్లవానికి ఇచ్చును." పిల్ల తలయెత్తెను. పలకమీది మాటలు ఏ వరుసలో నున్నవో తెలుగు మాటలును ఆ వరుసలోనే యుండెను. 'ని' యున్నచోట 'మ్' ఉన్నది. 'కి' యున్నచోట 'ఓ' యున్నది. "తెలుగులో కూడా చివరనే మారుతుందా!" అని యాశ్చర్యపడి, తానే రెండు మాటలను తాఱుమాఱుచేసి వ్రాసి, అర్థము మాఱదని కనుగొనెను. గులాబిని పిల్ల పిల్లవాని కిచ్చినను, పిల్లవానికి గులాబిని పిల్ల యిచ్చినను ఒక్కటేకదా! ఇంగ్లీషులో మాటల స్థానము మాఱినచో ఇచ్చినవారు పుచ్చుకొన్నవారగుదురు. ఐదునెలలు మేము ఇంగ్లీషు ద్వారమున లాటినును లోనికి తెచ్చుటకు యత్నించితిమి. తెలుగు ద్వారము ప్రక్కనే తెఱచియున్నది.

అటుపిమ్మట పుస్తకముల విషయమై నిజముగా విచారించితిమి. ఇంటియొద్ద లాటిను చెప్పుకొనువారి కొఱకు ఈ దేశమున దొరకు పుస్తకములు ముఖ్యముగా మూడు తెగలు.

మొదటి తెగవి సూత్రము ముందు చెప్పి పిదప వాక్యములు నేర్పునవి. ఫ్రెడరికు వీలాకు అను అమెరికా పండితుని పుస్తకము 1956లో వెలువడినది. అందు నలువది యధ్యాయములు గలవు. అది కళాశాలలోని పెద్దవారి నుద్దేశించి వ్రాసినది. రాబర్టు హెన్లే యను జెసూటు పాదిరి 1945లో వెలువరించిన పుస్తకమును ఇంటిబడులవారు పలువురు వాడుదురు. ఈ తెగ పుస్తకముల గుణము దృఢత్వము, నేర్చినది కదలదు. కాని చదువువానికి ఓపికయు కొంత వయస్సును ఉండవలెను.

రెండవ తెగవి కథ ముందు చెప్పి సూత్రము పిదప చూపునవి. హాన్సు ఎర్బెర్గు అను డెన్మార్కు దేశీయుని పుస్తకము మొదట 1955లో వచ్చినది. అందు మొదటిపుట మొదలు చివఱిపుటవఱకు లాటిను తప్ప వేఱొక భాష లేదు. బొమ్మలును అంచున చిన్న గుఱుతులును సాయముగా నొక రోమను కుటుంబపు కథ ముప్పదియైదు అధ్యాయములలో నడచును. కేంబ్రిడ్జివారి పాఠమాల 1970లో ఆరంభమైనది. అందలి కైకిలియుసు పాంపేయీ పట్టణమున నిజముగా నుండిన వడ్డీవ్యాపారి. అతని ఇంటిలోని లెక్కల పలకలు 1875లో త్రవ్వకములందు దొరికినవి. క్రీ. శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతము ప్రేలి పట్టణమును కప్పివేయుటతో మొదటి భాగము ముగియును. ఈ తెగవి పిల్లల మనస్సు నాకర్షించును. కాని తల్లికి లాటిను కొంచెమైన రానిచో నడుమ చిక్కుపడును.

మూడవ తెగవి పసిపిల్లలకు. కొన్ని పాటలతోను క్రైస్తవ ప్రార్థనలతోను నడచును. ప్రార్థనలు నేర్చుట తప్పని మేమనము గాని, పిల్లలు దేనిని మ్రొక్కుగా చదువుచున్నారో దేనిని పాఠముగా చదువుచున్నారో తెలిసి చదువవలెను. తెలిసి కొనుక్కొనుట మేలు. మినిముసు అను చిట్టెలుక నాయకుడుగా బార్బరా బెల్లు అను ఉపాధ్యాయిని వ్రాసిన బొమ్మల పుస్తకము 1999లో వచ్చినది. ఇందు ఉత్తర ఇంగ్లండులోని విందొలాండ యను రోమను కోటలో నివసించిన యొక కుటుంబపు కథలు గలవు.

ఇవిగాక కొనబోవువారు చూచుకొనవలసిన చిన్నవి మూడున్నవి. ఉచ్చారణ యొకటి. ప్రాచీన రోమనులు పలికినట్లు కొందఱు 'కికెరో' యందురు. దేవాలయములలో పాడువారు 'చిచెరో' యందురు. ఒకటి పట్టుకొన్న పిదప మార్చరాదు. విభక్తుల వరుస రెండవది. అమెరికా పుస్తకములలో ప్రథమ తరువాత షష్ఠి వచ్చును. ఇంగ్లండు పుస్తకములలో ద్వితీయ వచ్చును. రెండుతెగల పుస్తకములను కలిపి నేర్పినచో పిల్ల పట్టిక తలక్రిందులగును. జవాబుల పుస్తకము మూడవది. అది లేక కొన్నచో తల్లి రాత్రులు మేలుకొనవలసివచ్చును.

కథాపుస్తకములలో మఱియొక చిక్కును గలదు. రోమను ఇంటిలో దాసదాసీజనము లేని గది యుండదు. వారిని కొట్టుటయు అమ్ముటయు కథలో నవ్వులాటగా జారిపోవుచుండును. ఈ దేశపు చరిత్రలోను దాస్యము పెద్దగాయము. అట్టి పుట వచ్చినప్పుడు పుస్తకము ప్రక్కన బెట్టి పిల్లలతో మాటాడుచున్నాము. ఆ మాట లాటిను పాఠముకంటె ముఖ్యమని మా నమ్మకము.

ఇన్ని యాలోచించి, పెద్దపిల్లకు ఎర్బెర్గు పుస్తకమును, చిన్నవానికి చిట్టెలుక పుస్తకమును కొంటిమి. రాత్రి గిన్నెలు కడిగి వంటయిల్లు సర్దుకొన్న తరువాత మేము రేపటి పాఠమును ముందుగా చదువుకొందుము. పిల్లకంటె ఒక్క అధ్యాయము ముందుండుటయే మా పాండిత్యము. మఱునాటి యుదయమున అర్ధగంటసేపు పిల్ల బిగ్గఱగా చదివి, కథను తెలుగున చెప్పును. ఇంగ్లీషున గాక తెలుగున చెప్పవలెనని మేము పెట్టిన నియమము. మొదట తడబడెను. "విభక్తికి సరిపడే తెలుగు నాకు తెలియడం లేదమ్మా" యనెను. నెలతిరిగినపిదప ఆ తడబాటు తగ్గెను. దానికి 'చేత' యెచట, 'వలన' యెచట, 'కొఱకు' ఎచట రావలెనో లాటినువలననే తెలిసివచ్చెను.

తెలుగుపిల్లలకు మఱియొక లాభము గలదు. లాటినున హ్రస్వదీర్ఘ భేదమున అర్థము మాఱును. 'మలుమ్' అనగా కీడు. 'మాలుమ్' అనగా ఆపిలుపండు. ఇంగ్లీషు చెవికి ఈ భేదము కష్టము. అచ్చు నెత్తిన గీతగీసి చూపవలసి వచ్చును. తెలుగుచెవికి పడికిని పాడికిని భేద మెవరు నేర్పవలెను?

మాటల చుట్టఱికము చూచి పిల్ల మిక్కిలి సంతోషించినది. మాతృ, మాతెర్, పితృ, పతెర్, దంత, దెన్స్, సప్త, సెప్తెమ్, అగ్ని, ఇగ్నిస్. ఈ పోలిక యాకస్మికము కాదనియు, సంస్కృతమును లాటినును గ్రీకును ఒకే మూలమునుండి పుట్టియుండవలెననియు సర్ విలియం జోన్సు 1786లో కలకత్తాలో నుపన్యసించెను. తెలుగు ఆ కుటుంబములోనిది కాదని 1816లో మదరాసున ఎల్లిసు దొర నిరూపించెను. అయినను మాటలకు సంస్కృతమును, వాక్యపు కూర్పునకు తెలుగును మా పిల్లకు చేయూత నిచ్చినవి. ఏది యెవరి చుట్టమో గాని, పాఠమున రెండును అక్కఱకు వచ్చినవి.

మొదటి వ్యాకరణమును మేము పాఱవేయలేదు. బీరువాపైన బెట్టితిమి. ఎనిమిదవ మాసమున పిల్ల, "అమ్మా, ఈ మార్పులన్నీ ఒకచోట రాసి ఉంటే బాగుండును" అనెను. పుస్తకము దించి యిచ్చితిమి. ముందు కన్నీరు తెప్పించిన పట్టికలనే యిపుడు తాను వెదకుకొని చదువుచున్నది. పుస్తకమున దోషములేదు. మేమిచ్చిన వేళ తప్పు. మా తాతగారి శిష్యులకు సంస్కృతపు మాటలు ఇంటను గుడిలోను దినము వినబడుచుండెను. వారికి పట్టిక కొత్తమాట చెప్పలేదు. విన్నమాటను వరుసబెట్టి చూపెను. ఈ సంగతి మాకు ఆలస్యముగా తెలిసినది.

ఇక మా అమ్మ మాట. చిన్నవాని పుస్తకములో లెపిదిన యను ఇల్లాలు గలదు. ఆమె కల్పితపాత్ర కాదు. 1973 మొదలు విందొలాండలో నేలనుండి పలుచని చెక్కరేకులమీద సిరాతో వ్రాసిన జాబులు దొరకుచున్నవి. వానిలో క్లౌదియ సెవెర యను నామె తన పుట్టినరోజునకు రమ్మని లెపిదినకు వ్రాసిన జాబొకటి. అది యించుమించు క్రీ. శ. 100 నాటిది. ఆ పుట్టినరోజు సెప్టెంబరు 11వ తేదీ. ఇపుడా జాబు లండనులోని బ్రిటిషు మ్యూజియమునందున్నది. జాబు చాలవఱకు లేఖకుని యందమైన వ్రాత. చివరనుమాత్రము సెవెర తన చేతితో, వంకరటింకరగా, కొన్ని ప్రీతివాక్యములు చేర్చినది. లాటినున స్త్రీ స్వహస్తముతో వ్రాసినట్లు తెలిసినవానిలో మిక్కిలి ప్రాచీనమైనవానిలో నదియొకటి.

ఈ సంగతి పిల్లలిద్దఱకును చెప్పితిమి. చిన్నవాడు పుట్టినరోజున నేమి తినిరని యడిగెను. పెద్దపిల్ల మాటాడక కూర్చుండెను. సాయంకాలము కాగితము తెచ్చి, "అమ్మా, అమ్మమ్మకు ఉత్తరం రాద్దాం. నేను చెప్తాను, నువ్వు రాయి. చివర రెండు వాక్యాలు నా చేత్తో రాస్తాను" అనెను. లేఖకులమై మేము వ్రాసితిమి. ఆ రెండు వాక్యములకు పిల్లకు గంట పట్టెను. గుణింతముల పట్టిక ముందు పెట్టుకొని ఒక్కొక్క అక్షరము దిద్దెను. ఆ పట్టికకూడ ఒకప్పుడు మూసివేసినదే.

ఉత్తరము తెనాలి చేరిననాడు అమ్మ టెలిఫోనుచేసి, "అమ్మమ్మలో మకారానికి ఒత్తు మరిచిపోయిందే. దిద్ది మళ్ళీ రాయమను" అనెను. మఱి రెండు నిముసములు ఏమియు ననలేదు. పిమ్మట, "ఆ లాటినూ మాననివ్వకు" అనెను.

ఇపుడు ప్రతి ఆదివారము ఉత్తరము వ్రాయుచున్నది. మా వ్రాత తగ్గుచున్నది, పిల్ల వ్రాత పెరుగుచున్నది. లాటినున పదునాలుగవ అధ్యాయమున నున్నాము. సోదరీమణులారా, మీ పిల్లలకు లాటినే కానిండు, సంస్కృతమే కానిండు, ఏ భాష నేర్పదలచినను పుస్తకము పేరుప్రతిష్ఠలను విని కొనకుడు. మొదటి పాఠమును పిల్లచేత చదివించి చూడుడు. మీరును ఒక పాఠము ముందు చదువుడు. అర్థము తెలుగున చెప్పించుడు. అది చెప్పలేకపోయిననాడు కొఱత లాటినున లేదు, మన యింటి తెలుగులో నున్నదని గ్రహించి, అక్కడ మొదలుపెట్టుడు. మేము వెనుకనుండి మొదలుపెట్టి ఐదునెలలు పోగొట్టుకొంటిమి. మీకా నష్టము కలుగకుండుగాక.